జీడిమెట్ల జొన్నరొట్టె

టప్... టప్... టప్‌టప్.

ఆఫీసు వదిలాక రోడ్డు దాటడానికి మెట్రో మెట్లు దిగుతున్న హరితకు ముందుగా వినిపించింది ఆ చప్పుడే. కళ్ళకు ఇంకేమీ అందలేదు. ముందు జనం, వెనక జనం, నడుమ బ్యాగులు, గొడుగులు. కానీ ఆ చప్పుడుకు తోవ తెలుసు. హారన్ల సందుల్లోంచి, ఆటోల పిలుపుల అడుగునుంచి నేరుగా వచ్చి ఆమె చెవిలో వాలింది.

తడి జొన్నపిండి మీద అరచెయ్యి పడే చప్పుడది. ధర్మవరంలో ప్రతి సాయంత్రం ఏదో ఒక గడప దాటి వీధిలోకి వచ్చే చప్పుడు. హైటెక్ సిటీ అద్దాల మేడల మధ్య అది వినబడుతుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

చప్పుడు పట్టుకుని వెళ్తే మెట్రో స్తంభం పక్కన ఒక బండి కనిపించింది. నీలం పట్టా కింద ముక్కాలి పీట మీద కూర్చుని ఒక పెద్దామె రొట్టె కొడుతున్నది. పెనం దగ్గర నిలబడి ఒక యువకుడు రొట్టెలు తిప్పుతున్నాడు. పొగ అతని ముఖం మీదుగా పోతున్నది, నవ్వు మాత్రం పోవడం లేదు.

"రెండు రొట్టెలు. ఊరుబిండి పచ్చడి ఉందా?"

"ఎల్లిపాయ కారమున్నది, వంకాయ కూరున్నది, పప్పున్నది."

"జొన్నరొట్టెకు ఊరుబిండి లేకుంటే ఎట్లప్పా?"

"మీ తాన రొట్టెకు ఊరుబిండి తోడు. మా తాన ఆకలే తోడు, మేడమ్."

హరిత తగ్గలేదు. "ఇంత మందంగా ఉండాయేంది ఇవి? మా పక్క రొట్టె పలచగా ఉంటాది."

పీట మీది చెయ్యి ఆగింది. "ఏంది బిడ్డా, నా రొట్టెకే వంక పెడ్తున్నవా? తిని చెప్పు, తినకముందు చెప్పకు," అన్నది పెద్దామె. ఆమె పేరు యాదమ్మ.

హరిత తిన్నది. వంక పెట్టడం మరచి మూడో రొట్టె అడిగింది. నాలుగోది పార్సెల్ కట్టమన్నది.

"పేరు చెప్పుండ్రి మేడమ్, పొట్లం మీద రాస్త. లేకుంటే కలిసిపోతయి."

"ట్యాగ్ మీదే ఉండాదిగా. చూసుకో."

అతను చూడలేదు. కావాలనే చూపు పెనం మీదికి తిప్పుకున్నాడు. "మెడల ఏలాడే పేరు గేటు కాడ సెక్యూరిటోళ్ళ కోసం. నోటితోని చెప్తేనే మనిషికి చెప్పినట్టు."

"చెప్పకపోతే?"

"రాయలసీమ మేడమ్ అని రాస్త."

"రాసుకో పో."

అలా మొదలైంది ఆ పంతం. ఆమె చెప్పలేదు, అతను చదివినట్టు కనబడలేదు. రోజూ సాయంత్రం పొట్లం మీద 'రాయలసీమ మేడమ్' అని గుండ్రటి అక్షరాలు. అతని పేరు సాయిచంద్ అని మాత్రం వాళ్ళమ్మ కేకలు మొదటి వారమే చాటేశాయి. పంతంలో దాచుకోవడానికి అతనికేమీ మిగలలేదు.

వాన పడిన సాయంత్రం ఒకటి వచ్చింది.

హరితకు ప్రమోషన్ వచ్చిందని టీమంతా పార్టీ అడిగింది. ఆమె అందరినీ రొట్టెల బండి దగ్గరికి తోలుకొచ్చింది. తినడం అయ్యేసరికి వాన దంచికొట్టింది. స్కానర్ అట్ట నానిపోయింది, ఫోన్ల తెరల మీద చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి, డబ్బు మాత్రం కదలడం లేదు. చివరికి సాయిచంద్ పిండి బుట్ట అడుగునుంచి ప్లాస్టిక్ కవర్లో చుట్టిన కార్డు మెషిన్ తీశాడు.

"మా మామది. ఎప్పుడో గాని బయటికి తియ్య," అన్నాడు.

హరిత కార్డు ఆనించింది. ఆ క్షణాన మెషిన్ వెలుగు అతని ముఖం మీద పడింది. కనుబొమ మీద ఒక వానచినుకు జారాలా, నిలవాలా అని ఆలోచిస్తున్నది. మెషిన్ కూసింది. చీటీ బయటికొచ్చి, గాలికెగిరి, నీళ్ళలో పడింది.

"అయ్యో, స్లిప్పు!"

"పోనీలేప్పా."

ఆ సాయంత్రం ఆమె ఎంత చెల్లించిందో చూసుకోలేదు. ఎవరికి చెల్లిస్తున్నదో చూసుకున్నది. ఆ తరువాత మెసేజ్ వచ్చే ఉంటుంది. వానలో క్యాబుల ఓటీపీల వరదలో అదీ కొట్టుకుపోయి ఉంటుంది.

స్టేట్‌మెంట్ వచ్చిన రోజు హరిత ఆఫీసులో ఉన్నది. కార్డు మోసాలను పసిగట్టే సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించడమే ఆమె ఉద్యోగం. ఏ చెల్లింపు నిజమో, ఏది దొంగదో తేల్చడంలో ఆ అంతస్తులో ఆమెకు పేరున్నది. ఆ పేరంటే ఆమెకు కాస్త గర్వమూ ఉన్నది.

తెర మీద ఒక వరస దగ్గర ఆమె వేలు ఆగిపోయింది.

లింగమూర్తి వాల్వ్స్ అండ్ పంప్స్, జీడిమెట్ల. పద్దెనిమిది వందల చిల్లర.

"కళ్యాణీ, నేనెప్పుడన్నా పంపులు కొన్నానా?"

పక్క సీటు కళ్యాణి కాకినాడ పిల్ల. కూకట్‌పల్లి హాస్టల్లో రూమ్మేటు కూడా. "నీ బాత్రూంలో మగ్గే పగిలిపోయింది, అదే కొనలేదు. నీకు పంపెందుకే?"

"జీడిమెట్ల యాడుందో కూడా నాకు సరిగ్గా తెల్దు. చూడు, ఊరు కొత్త, షాపు కొత్త, నాకు సంబంధం లేని వ్యాపారం. మేం రాసిన రూల్స్‌లో ఇది మొట్టమొదటి కేసు!"

"ఒకసారి ఆ షాపుకి ఫోన్ చేసి కనుక్కోవచ్చుగా? నంబరు నెట్లో ఉంటుందిలే."

"దొంగకు ఫోన్ చేసి 'నువ్వు దొంగవా' అని అడుగుతారా ఎవరన్నా?"

"అడిగితే పోయేదేముందే?"

హరిత వినలేదు. బ్యాంకు యాప్ తెరిచింది. 'ఈ చెల్లింపు నేను చేయలేదు' అన్న మాట మీద వేలు పెట్టింది. కార్డు ఆపేశామని, విచారణ మొదలుపెట్టామని క్షణంలో జవాబొచ్చింది. ఒక దొంగను పట్టించిన తృప్తితో ఆమె ఆ సాయంత్రం ఒక రొట్టె ఎక్కువే తిన్నది.

తరువాతి వారం ఒకనాడు మెట్రో మెట్లు దిగుతూ ఆమె సగంలో ఆగిపోయింది.

హారన్లున్నాయి, ఆటోల పిలుపులున్నాయి. ఆ చప్పుడు లేదు.

మిగతా మెట్లు ఎలా దిగిందో తెలియదు. పట్టా కింద పెనం చల్లగా ఉన్నది. యాదమ్మ పీటను తుడిచిందే తుడుస్తున్నది. బండి ముందు స్కూటర్ ఆపి, దిగకుండానే, ఒక బట్టతల పెద్దమనిషి సాయిచంద్ మీద విరుచుకుపడుతున్నాడు.

"మెషిన్ ఇయ్యనంటే ఇయ్యనంటిని గదా అల్లుడా! మీ అమ్మ మొఖం జూసి ఇస్తి. ఏమైంది? ఎవతో కంప్లైంట్ రాసిందంట, లింగమూర్తి కార్డు దొంగ అని! వాల్వులు జేసుకుంట జీడిమెట్లల ముప్పై ఏండ్లు బతికిన. ఒక్క పొద్దు ఒక్కడు మాటనలే. ఇయాల బ్యాంకోళ్ళు నా ఖాతా పట్టిండ్రు. పనోళ్ళకు జీతాలేడికెళ్ళి ఇయ్యాలె?"

"మామా, జర మెల్లగ. అందరు చూస్తుండ్రు."

"చూడనియ్. శనివారం బ్యాంకుకు రమ్మన్నరు. పోయి, మా అల్లుడు నా మెషిన్ మీద రొట్టెలమ్మిండని చెప్తే ఖాతానే మూస్తరు. ఇగ చాలు. ఈ లొల్లి తెగకుంటే సోమవారం సంది బండి బంద్. నువ్వు లేత్ మిషన్ మీద నిలబడు. అక్క కార్ఖానల వండుతది."

వాల్వులు. జీడిమెట్ల. లింగమూర్తి.

హరిత కళ్ళముందు వాన కురిసింది. ప్లాస్టిక్ కవరు విప్పుతున్న చేతులు, మెషిన్ వెలుగు, కనుబొమ మీద చినుకు. ఆమె పట్టించిన దొంగ ఆ చినుకు వెనకే నిలబడి ఉన్నాడు.

సాయిచంద్ ఆమెను చూశాడు. అలవాటైన నవ్వును ముఖం మీదికి తెచ్చుకోబోయాడు. అది సగం దారిలోనే ఆగింది. "ఇయాల రొట్టెల్లేవు, రాయలసీమ మేడమ్."

వెళ్ళిపోవచ్చు. ఎవరికీ తెలియదు. మెట్లెక్కితే మెట్రో వస్తుంది, మెట్రో ఎక్కితే కూకట్‌పల్లి వస్తుంది. హరిత కాళ్ళు వెనక్కి తిరగడానికి సిద్ధంగానే ఉన్నాయి. నోరు మాత్రం ముందుకు నడిచింది.

"ఆ కంప్లైంటు ఇచ్చింది నేనే."

లింగమూర్తి స్కూటర్ దిగాడు. యాదమ్మ చేతిలో గుడ్డ పీట మీదే ఆగిపోయింది.

"దొంగలని రాసినవా బిడ్డా, మమ్ముల?"

"మిమ్మల్నని తెల్దమ్మా..."

"తెల్వకుంటే ఎవలనన్న అనొచ్చా?"

హరిత తల వంచుకున్నది.

"ఆమెనేమనకు అమ్మా," అన్నాడు సాయిచంద్. "రొట్టెలు తిన్నోళ్ళకు వాల్వుల బిల్లొస్తే ఎవలైనా గట్లనే జేస్తరు." మాట ఆమె తరఫునే. చూపు మాత్రం ఆమె వైపు రాలేదు. "మీరు పోండ్రి మేడమ్. మీకు లేటయితది."

ఉత్త మేడమ్. ముందున్న మాట రాలిపోయింది. తన ఊరు తన నుంచి అంత దూరంగా జరిగినట్టు ఆమెకు ఎన్నడూ అనిపించలేదు.

"శనివారం నేనూ బ్యాంకుకు వస్తా," అన్నది.

లింగమూర్తి ఆమెను ఎగాదిగా చూశాడు. గొంతు తగ్గించాడు. "వచ్చి ఏం జెప్తవమ్మా? ఒక్క మాట జెప్పు. వాల్వులు కొన్న, మరిచిన అని. బిల్లు నేను రాసిస్త. నా ఖాతా మిగులుతది, వీని బండి మిగులుతది. అందరం ఇంట్ల పంటం."

"మామా!"

"నిన్నడగలే. ఆమెనడిగిన." స్కూటర్ కదిలింది.

శుక్రవారం సాయంత్రం మెట్రో మెట్ల కింద సాయిచంద్ నిలబడి ఉన్నాడు. చేతిలో పొట్లం లేదు. ఏం చెయ్యాలో తెలియక చేతులు జేబుల్లోకి, జేబుల్లోంచి బయటికి పోతూ వస్తున్నాయి.

"మామ చెప్పినట్టు చెప్పకుండ్రి. మీ కొల్వే దొంగ లెక్కలు పట్టేది. అబద్ధం మీద సంతకం పెడితే రేపు మీ మెడకే చుట్టుకుంటది."

"నిజం చెప్తే నీ బండి పోతాది."

"పోతే పోయె. లేత్ నాకు కొత్త గాదు. డిప్లొమా అయినంక మూడేండ్లు దాని మీదనే నిలబడ్డ."

"మరి బండి ఎందుకు పెట్టినావ్?"

అతను చేతులు జేబుల్లోంచి తీశాడు. "అమ్మ రొట్టె కొడుతుంటే ఒకసారి చూసిన. అమ్మ చేతి చప్పుడుకు వాడకట్టంత వచ్చి గడప కాడ నిలబడ్డరు. లేత్ చప్పుడుకు ఎవలు రారు మేడమ్. చెవులు మూసుకుంటరు."

"ఆ చప్పుడు వినే కదా నేను కూడా..." అని హరిత ఆగిపోయింది.

"మీరు కూడ?"

"ఏం లేదు."

"ఊరుబిండి లేకున్నా రోజు వచ్చింది చప్పుడు కోసమేనా?"

"నువ్వేమనుకుంటివి?"

"నేనేమనుకోలే," అన్నాడతను. అబద్ధమాడినప్పుడు అతని చెవులు ఎర్రబడతాయని ఆమెకు అప్పుడే తెలిసింది. వెంటనే ఇద్దరికీ శనివారం గుర్తొచ్చింది. నవ్వు రాబోయి ఆగిపోయింది.

జీడిమెట్ల బ్యాంకు శాఖలో ఫ్యాను తిరుగుతున్నది గానీ గాలి రావడం లేదు. బల్లకు ఒకవైపు అధికారిణి ప్రవీణ. మరోవైపు నలుగురు. లింగమూర్తి చొక్కా జేబులోంచి బిల్లు అంచు తొంగిచూస్తున్నది. యాదమ్మ కొంగు కొసను వేలికి చుడుతున్నది, విప్పుతున్నది. సాయిచంద్ ఒళ్ళో ప్లాస్టిక్ కవరు.

"ఈ చెల్లింపు మీరే చేశారాండీ?" అడిగింది ప్రవీణ.

"నేనే చేశాను," అన్నది హరిత.

"మరి చెయ్యలేదని ఎందుకు రాశారు?"

"స్టేట్‌మెంట్లో పేరు గుర్తుపట్టలేదు."

"సరే. ఏం కొన్నారండీ?"

లింగమూర్తి దగ్గాడు. బిల్లు జేబులోంచి బల్ల మీదికి, బల్ల మీద నుంచి హరిత మోచేతి దాకా జరిగింది. నాలుగు వాల్వులు, రెండు వాషర్లు అని నీలి సిరాతో చక్కగా రాసి ఉన్నది. ఒక్క తల ఊపు చాలు. బండి బతుకుతుంది, ఖాతా బతుకుతుంది. సాయిచంద్ మెల్లగా, ఎవరికీ కనబడనంత మెల్లగా, వద్దన్నట్టు తల తిప్పాడు.

హరిత ఆ కాగితాన్ని రెండు వేళ్ళతో వెనక్కి జరిపింది.

"జొన్నరొట్టెలు."

ప్రవీణ కళ్ళజోడు తీసింది. "వాల్వుల షాపులోనా అండీ?"

"కాదు. హైటెక్ సిటీ మెట్రో కింద బండి దగ్గర. ఆరోజు వాన, ఫోన్లు పనిచెయ్యలేదు. వీళ్ళు తమ మామగారి మెషిన్ తీశారు. నేను తిన్నదానికి డబ్బు తీసుకున్నారు, అంతే. ఒక్క ఫోన్ చేసి ఉంటే తెలిసేది. ఇలాంటివి పట్టుకోవడమే నా పని కనుక ఎవరినీ అడగక్కర్లేదనుకున్నాను. దొంగతనం జరగలేదండీ. తొందరపాటు జరిగింది. అది నాది."

లింగమూర్తి కళ్ళు మూసుకున్నాడు. యాదమ్మ వేలికి చుట్టిన కొంగు అలాగే ఆగింది.

ప్రవీణ చాలాసేపు టైపు చేసింది. తలెత్తి చూడలేదు. ఒక్కొక్క మీట చప్పుడూ నలుగురి గుండెల మీద పడింది.

"సంతకం పెట్టండి. ఫిర్యాదు వెనక్కి తీసుకున్నట్టు రాస్తున్నాను. ఖాతా మీద పట్టు సోమవారానికి తీసేస్తారు. లింగమూర్తి గారూ, మీ మెషిన్ ఇంకొకరి వ్యాపారానికి ఇవ్వకూడదు. హెచ్చరిక రాస్తున్నాను. ఇంకోసారైతే ఖాతా ఉండదు. మెషిన్ ఇక్కడ పెట్టండి."

లింగమూర్తి ఊపిరి ఫ్యాను గాలికంటే బలంగా వచ్చింది. సాయిచంద్ కవరు విప్పి మెషిన్‌ను బల్ల మీద పెట్టాడు. పెట్టిన చెయ్యి కొంచెంసేపు దానిమీదే ఉండిపోయింది.

"మరి బండికేది?" అన్నాడు.

"బండి పేరు మీదే ఒకటి తీసుకోండి."

"బండ్లకు బ్యాంకోళ్ళు మెషిన్ ఇయ్యరు గదా మేడమ్?"

"ఎవరు చెప్పారండీ మీకు?"

"మామ."

అందరి చూపులూ లింగమూర్తి మీదికి తిరిగాయి. లింగమూర్తి చూపు ఫ్యాను మీదికి తిరిగింది.

"నువ్వు బ్యాంకుల అడిగినవా తమ్మీ?" అన్నది యాదమ్మ.

"అడుగుదామనే అనుకున్న అక్కా..."

"అనుకున్నవా! పిలగాడు తిరిగి లేత్ కాడికి రావాలని నువ్వడగలే. ఫోన్ జెయ్యాలని తెలిసి ఈ పిల్ల అడగలే. గింత మంది నోళ్ళున్నోళ్ళు, ఒక్కలు అడగకపోతిరి!" ఆమె హరిత వైపు తిరిగింది. కళ్ళలో నిప్పు ఇంకా ఉన్నది. అయితే అది కాల్చే నిప్పు కాదు, రొట్టె పొంగే నిప్పు. "కాని బిడ్డా, ఇయాల ఇంతమందిల నా రొట్టె పేరు నోరార చెప్పినవు. సిగ్గుపడలే. గది సూసిన."

ప్రవీణ దరఖాస్తు తెరిచింది. "బండి పేరు చెప్పండి. స్టేట్‌మెంట్లో కనిపించేది ఇదే. ఈసారి తినేవాళ్ళు గుర్తుపట్టే పేరు పెట్టండి, మహానుభావా."

బండికి పేరే లేదు. ఆ సంగతి అప్పుడే అందరికీ తట్టింది.

"లింగమూర్తి రొట్టెలు," అన్నాడు లింగమూర్తి. యాదమ్మ మూతి తిప్పింది.

"ఎల్లమ్మ తల్లి పేరు పెట్టరా," అన్నది యాదమ్మ.

సాయిచంద్ కుర్చీలో హరిత వైపు సగం తిరిగాడు. చెవులు అప్పటికే ఎర్రబడ్డాయి.

"రాయలసీమ మేడమ్..."

రాలిపోయిన మాట తిరిగి వచ్చి తన చోట నిలబడింది. హరిత అతని వైపు తిరిగింది.

"ఏంది?"

"నోటితోని చెప్తేనే పిలుస్తనన్న. మీరేమో చెప్పకపోతిరి."

"నువ్వు మళ్ళా అడగలేదు కదప్పా."

"ఇప్పుడడుగుతున్న. మీ పేరు బండికి పెట్టుకోనా?"

ప్రవీణ వేళ్ళు మీటల మీద ఆగిపోయాయి. లింగమూర్తి దగ్గబోయి మానుకున్నాడు. యాదమ్మ కొడుకును చూసింది, పిల్లను చూసింది, మళ్ళీ కొడుకును చూసింది. పిండి ముద్ద పదును చూసినంత నిదానంగా చూసింది.

"ఆ పేరు బండి కాడనే ఆగుతదా, మనింటి దాంక వస్తదా? గది గూడ ఇప్పుడే అడుగురా. అడగక పడ్డ తిప్పలు చాలు."

"అది నా ఫారంలో లేదండీ," అన్నది ప్రవీణ, నవ్వును కళ్ళజోడు వెనక దాచుకుంటూ.

హరిత ముఖంలోకి పొయ్యి వేడి ఎక్కింది. అయినా పంతం పంతమే. "అమ్మ అడిగినదానికి అమ్మకే చెప్తా, రొట్టె తింటా. ముందు నువ్వు చెప్పు. తెలియని పేరు బండికి ఎట్ల పెడతావ్? నేను చెప్పలేదు, నువ్వు చదవలేదు."

ఆమె మెడలో ట్యాగు ఇవాళ తిరగబడి ఉన్నది. దొరికినవారు ఈ చిరునామాకు చేర్చగలరు అన్న వెనకవైపు మాత్రమే కనిపిస్తున్నది. సాయిచంద్ దాని వైపు చూడనే లేదు. ఆమె కళ్ళలోకే చూశాడు.

"మొదటి దినమే, మీరు తినేటప్పుడే చదివిన. రోజు బండి తోసుకుంట పొయ్యేటప్పుడు మనసుల పిలుచుకుంట పోయిన. బయటికనలే. మీరియ్యని పేరు నోట్ల పెట్టుకునుడు తప్పనిపించింది."

బయట చినుకులు మొదలయ్యాయి. బ్యాంకు మెట్ల మీది రేకు పందిరి మీద టప్... టప్... టప్‌టప్.

"ఇస్తాండా," అన్నది ఆమె, ఆ చప్పుడు కంటే మెల్లగా. "పలుకు."

అతను గొంతు సవరించుకున్నాడు. ఇన్నాళ్ళు లోపల వేడెక్కిన మాట ఒక్కసారిగా పొంగింది.

"హరిత."